యూరప్‌లో రైలా, అద్దె కారా? తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవులకు ఇక్కడి నుంచి యూరప్ బయల్దేరే కుటుంబాలు, అక్కడే చదువుకుంటూనో ఉద్యోగం చేసుకుంటూనో అమ్మానాన్నలను పిలిపించుకునే పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ధరలు ఏటా మారతాయి కాబట్టి అవసరమైన చోటే అంకెలు ఇచ్చాం. పద్ధతులు మాత్రం అంత తొందరగా మారవు.

పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ కలిపి పన్నెండు రోజులు. రైలు మేలా, కారు మేలా?

రైలే. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు. పారిస్ నుంచి బాసెల్‌కు టీజీవీ అనే వేగపు రైల్లో సుమారు 3 గంటలు, అక్కడి నుంచి ఇంటర్‌లాకెన్‌కు మరో 2 గంటలు. అదే దూరం కారులో దాదాపు 650 కిలోమీటర్లు, భోజనానికి ఆగకుండా నడిపినా ఆరేడు గంటలు. ఫ్లోరెన్స్ నుంచి రోమ్‌కు రైల్లో గంటన్నర. దిగేది ఊరి నడిబొడ్డున. కారైతే ఊరి బయటే ఆపాలి.

వెనిస్‌లో కారు పియాజాలే రోమా దాటి ముందుకు పోదు, ఆ పైన అంతా నీళ్ళే. స్విట్జర్లాండ్‌లో వెంగెన్, ముర్రెన్, జెర్మాట్ ఊళ్ళలోకి బయటి కార్లను రానివ్వరు. జెర్మాట్ వెళ్ళాలంటే టేష్‌లో కారు పెట్టి, మళ్ళీ రైలెక్కాలి. అద్దె కట్టిన కారు అక్కడ ఎండలో ఉంటుంది, మీరు పైన ఉంటారు.

మరి కారు ఎప్పుడు తీసుకోవాలి?

అద్దె ఎంత అని అడిగే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: రాత్రి ఆ కారు ఎక్కడ పడుకుంటుంది? బస చేసే ఇంటి ముందే ఖాళీ జాగా ఉంటే కారు మంచిది. ఊరి మధ్య హోటల్లో దిగి, రోజుకు 30 యూరోలు పోసి భూగర్భ గ్యారేజీలో పెట్టాల్సి వస్తే వద్దు. ఈ ఒక్క ప్రశ్నతో సగానికి పైగా సందేహాలు తేలిపోతాయి.

ఈ లెక్కన చూస్తే కారు సుఖపెట్టే చోట్లు ఇవి: ఇటలీలో టస్కనీ పల్లెలు, అంటే పియెంజా, మోంతెపుల్చానో చుట్టుపక్కల. ఫ్రాన్స్‌లో లావెండర్ పూసే ప్రొవాన్స్, ద్రాక్షతోటల అల్సాస్. ఉత్తర ఇటలీలో డోలమైట్స్ కొండలు. జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్. స్కాట్లండ్ హైలాండ్స్, ఐర్లండ్ పశ్చిమ తీరం. క్రొయేషియాలో దుబ్రోవ్నిక్‌కు అసలు రైలే లేదు. ఐస్‌లాండ్‌లో ప్రయాణికుల రైళ్ళు అనేవే లేవు, అక్కడ బస్సో కారో తప్పదు.

టస్కనీ పల్లెలకు బస్సులు లేకపోలేదు. కానీ ఆదివారం నాడు ఉండీ లేనట్టు ఉంటాయి. సాయంత్రం చివరి బస్సు తప్పితే టాక్సీ దొరకడం కష్టం.

నలుగురం ఉన్నాం. కారే చవక కదా?

చాలామంది రోజు అద్దెను నలుగురితో భాగించి, రైలు టికెట్‌తో పోలుస్తారు. కారు ఖర్చు అక్కడితో ఆగదు. అద్దె, పూర్తి బీమా, పెట్రోలు, టోల్, పార్కింగ్, ఒకచోట తీసుకుని మరోచోట వదిలితే దానికి వేరే రుసుము, పిల్లల సీటు, రెండో డ్రైవర్ పేరు చేర్చినందుకు ఇంకొంత. ఇవన్నీ కలపాలి.

పెట్రోలు లెక్క తేలిక. 800 కిలోమీటర్లు తిరుగుతారు, బండి 100 కిలోమీటర్లకు 6.5 లీటర్లు తాగుతుంది అనుకుంటే 52 లీటర్లు. లీటరు 1.80 యూరోలైతే 94 యూరోలు. నలుగురికి ఇదేమీ పెద్ద మొత్తం కాదు. లెక్క తప్పేది పార్కింగ్ దగ్గర, వన్‌వే రుసుము దగ్గర.

రైలు వైపు కూడా గుంపుకు తగ్గింపులున్నాయి. జర్మనీలో బయెర్న్ టికెట్ ఒక్కటి తీసుకుంటే ఐదుగురి దాకా రోజంతా బవేరియా లోకల్ రైళ్ళలో తిరగొచ్చు. మ్యూనిక్ నుంచి ఫ్యూసెన్‌కు, సాల్జ్‌బర్గ్‌కు కూడా ఇదే టికెట్ చెల్లుతుంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 9 తర్వాతే ఎక్కాలి, శని ఆదివారాల్లో ఆ నియమం లేదు. ఐసీఈ, ఐసీ వంటి వేగపు రైళ్ళలో చెల్లదు.

రెండూ కలిపి చేయొచ్చా?

అలా చేస్తేనే అన్నిటికన్నా బాగుంటుంది. నగరం నుంచి నగరానికి రైలు, మధ్యలో పల్లెల కోసం మూడు నాలుగు రోజులు కారు. ఫ్లోరెన్స్ చూడటం పూర్తయ్యాక, వెళ్ళిపోయే రోజు ఉదయం కారు తీసుకోండి, దిగిన రోజు కాదు. టస్కనీ తిరిగి మళ్ళీ ఫ్లోరెన్స్‌లోనే వదిలేసి రోమ్ రైలెక్కండి.

కారు తీసుకునే చోటు ఊరి మధ్య ఆఫీసు కాకుండా విమానాశ్రయమో ఊరి శివారో అయితే మొదటి పది నిమిషాలు ప్రశాంతంగా గడుస్తాయి. కొత్త బండి, కొత్త వైపు స్టీరింగ్, ఇరుకు సందులు, కెమెరాలు ఒకేసారి మీద పడకూడదు. ఇంకో మాట: ఇటలీ, ఫ్రాన్స్‌లలో చిన్న ఊళ్ళ ఆఫీసులు మధ్యాహ్నం రెండు మూడు గంటలు మూసేస్తారు, ఆదివారం అసలు తీయరు. బుక్ చేసేటప్పుడు పనివేళలు చూసుకోకపోతే తాళం వేసిన తలుపు ముందు నిలబడాల్సి వస్తుంది.

యూరైల్ పాస్ కొనాలా, విడి టికెట్లు కొనాలా?

నాలుగైదు ప్రయాణాలే ఉండి, తేదీలు ఖాయమైతే విడి టికెట్లు ముందుగా కొనుక్కోవడమే చవక. ఎప్పుడు ఎక్కడికి వెళ్తామో అప్పటికప్పుడు తేల్చుకునేవాళ్ళకు, చాలా దేశాలు తిరిగేవాళ్ళకు పాస్ మంచిది. యూరైల్ గ్లోబల్ పాస్ 33 దేశాల్లో చెల్లుతుంది. 4 నుంచి 11 ఏళ్ళ పిల్లలకు పెద్దవాళ్ళతో కలిసి ఉచిత పాస్ ఇస్తారు, ఒక్కో పెద్దమనిషికి ఇద్దరు పిల్లల దాకా. 27 ఏళ్ళ వరకు ఉన్నవారికి తగ్గింపు ఉంది.

పాస్ ఉంది కదా అని ఏ రైలైనా ఎక్కేయొచ్చనుకోవడం పెద్ద పొరపాటు. ఫ్రాన్స్ టీజీవీ, ఇటలీ ఫ్రెచ్చారొస్సా, స్పెయిన్ ఏవీఈ, యూరోస్టార్, రాత్రి రైళ్ళు, వీటన్నిటికీ పాస్ మీద అదనంగా సీటు రిజర్వేషన్ కొనాలి. పైగా కొన్ని రైళ్ళలో పాస్‌వాళ్ళకు కేటాయించే సీట్లు తక్కువ. వేసవిలో పారిస్ నుంచి బయటికి వెళ్ళే రైళ్ళకు అవి ముందే అయిపోతాయి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో మామూలు రైళ్ళకు రిజర్వేషన్ అక్కర్లేదు, పాస్ విలువ అక్కడే తెలుస్తుంది.

ఫోన్ పాస్ అయితే రైలెక్కే ముందే ఆ ప్రయాణాన్ని యాప్‌లో చేర్చి, ఆ రోజును చాలూ చేయాలి. టీసీ వచ్చాక చేద్దాం అంటే టికెట్ లేనట్టే లెక్క.

యూరప్‌లో స్థిరపడినవాళ్ళకు యూరైల్ వర్తించదు, వాళ్ళది ఇంటర్‌రైల్. అమ్మానాన్నలకు యూరైల్, మీకు ఇంటర్‌రైల్ తీసుకోవాలి. ఇంటర్‌రైల్‌తో సొంతంగా ఉండే దేశంలో వెళ్ళేటప్పుడు ఒక ప్రయాణం, వచ్చేటప్పుడు ఒక ప్రయాణం మాత్రమే చేయొచ్చు.

జర్మనీలో ఉంటున్నాం. డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది, చాలదా?

ఈ నెలవారీ టికెట్ 2023 మే నెలలో 49 యూరోలకు మొదలైంది, 2025 జనవరి నుంచి 58 అయింది, 2026 జనవరి నుంచి 63. లోకల్ రైళ్ళు, మెట్రో, ట్రామ్, సిటీ బస్సులు అన్నీ వస్తాయి. ఐసీఈ, ఐసీ రావు. అది నెలవారీ చందా కాబట్టి ఆపేయాలనుకుంటే గడువులోగా రద్దు చేయాలి. అమ్మానాన్నలు నెల రోజులు మీ దగ్గరే ఉంటూ చుట్టుపక్కల ఊళ్ళు చూస్తే వాళ్ళకూ గిట్టుబాటే. మ్యూనిక్ నుంచి బెర్లిన్ మాత్రం దీంతో వెళ్ళకండి. ఐసీఈలో నాలుగు గంటల ప్రయాణం లోకల్ రైళ్ళలో రోజంతా పడుతుంది, మారాల్సిన రైళ్ళు చాలా.

స్విట్జర్లాండ్‌లో ఏ పాస్?

రెండు దారులు. స్విస్ ట్రావెల్ పాస్ వరసగా 3, 4, 6, 8 లేదా 15 రోజులకు దొరుకుతుంది. రైళ్ళు, బస్సులు, సరస్సుల్లో పడవలు, ఊళ్ళలో ట్రాములు అన్నీ కలిసే ఉంటాయి. రిగి కొండ ఉచితం. కానీ మనవాళ్ళు తప్పకుండా చూడాలనుకునే యుంగ్‌ఫ్రావ్‌యోహ్ అనే మంచుకొండల స్టేషన్‌కు దారి మొత్తం ఉచితం కాదు. పాస్ గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ వరకే చెల్లుతుంది, అక్కడి నుంచి పైకి 25 శాతం తగ్గింపు మాత్రమే.

రెండోది హాఫ్ ఫేర్ కార్డు. నెల రోజులు చెల్లుతుంది, దాదాపు అన్ని టికెట్లూ సగం ధరకు వస్తాయి, యుంగ్‌ఫ్రావ్‌యోహ్‌తో సహా. ఇంటర్‌లాకెన్‌లోనే మూడు రోజులుండి రెండు ఖరీదైన కొండలు ఎక్కేవాళ్ళకు ఈ కార్డే లాభం. రోజుకో ఊరు మారేవాళ్ళకు ట్రావెల్ పాస్ లాభం. 6 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు ఫ్యామిలీ కార్డు అడిగి తీసుకోండి, ఉచితంగా ఇస్తారు, అడగకపోతే మాత్రం టికెట్ కొనాల్సి వస్తుంది.

స్టేషన్‌లో సరైన రైలు పెట్టె ఎలా కనుక్కోవాలి?

మన దగ్గర ప్లాట్‌ఫాం మీద కోచ్ నంబర్ల బోర్డు చూసినట్టే. జర్మనీలో గ్లైస్, ఫ్రాన్స్‌లో వ్వా, ఇటలీలో బినారియో అంటే ప్లాట్‌ఫాం. ఇటలీలో గోడకు అతికించిన పసుపు కాగితం బయల్దేరేవాటిది, తెల్లది వచ్చేవాటిది. అందులో రాసిన ప్లాట్‌ఫాం మారొచ్చు, చివరి మాట ఎలక్ట్రానిక్ బోర్డుదే. ఫ్రాన్స్‌లో ప్లాట్‌ఫాం నంబరు చాలాసార్లు 20 నిమిషాల ముందే వేస్తారు. రైలు కదలడానికి 2 నిమిషాల ముందు తలుపులు మూసేస్తారు, ఆ తర్వాత బతిమాలినా తీయరు.

జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో ప్లాట్‌ఫాంను అక్షరాలతో భాగాలు చేసి ఉంటారు. మీ పెట్టె ఏ అక్షరం దగ్గర ఆగుతుందో బోర్డు మీద కనిపిస్తుంది. పెద్ద సూట్‌కేసులతో రైలు ఆగాక పరుగెత్తడం కన్నా ముందే అక్కడ నిలబడటం నయం.

ఒకటి బాగా గుర్తుంచుకోండి. కొన్ని రైళ్ళు దారిలో రెండుగా విడిపోతాయి. ఇంటర్‌లాకెన్ ఓస్ట్‌లో కొండల వైపు వెళ్ళే రైలు ఒకటే కనిపిస్తుంది. కానీ స్వైలుట్షినెన్ దగ్గర దాన్ని విడదీస్తారు. సగం పెట్టెలు లౌటర్‌బ్రూనెన్‌కు, సగం గ్రిండెల్‌వాల్డ్‌కు పోతాయి. పెట్టె పక్కనున్న తెర మీద ఊరి పేరు చూసి ఎక్కాలి. ముందు కనబడ్డ తలుపులోకి ఎక్కేస్తే వేరే లోయలో తేలతారు.

టికెట్ కొన్నా ఫైన్ వేశారు. ఎందుకు?

ఇటలీలో ఇది తరచూ జరుగుతుంది. లోకల్ రైలు కాగితం టికెట్ మీద సమయం ఉండదు. ఎక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరుండే చిన్న మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర పడ్డాక నాలుగు గంటలు చెల్లుతుంది. ముద్ర లేకపోతే అదే టికెట్‌తో రేపు కూడా తిరగొచ్చు కదా, అందుకే అంత పట్టుదల. ఫోన్‌లో కొన్న లోకల్ టికెట్‌కు ఎక్కే ముందు చెక్‌ఇన్ నొక్కాలి. రైలు నంబరు, సీటు నంబరు ఉన్న వేగపు రైలు టికెట్లకు ఇవేవీ అక్కర్లేదు.

జర్మనీలో మరో రకం. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలు పెద్దవాళ్ళతో ఉచితమే, కానీ దూరపు రైళ్ళ టికెట్ కొనేటప్పుడే పిల్లలను అందులో చేర్చాలి.

టికెట్లు ఎంత ముందు కొనాలి?

వేగపు రైళ్ళకు అమ్మకాలు తెరవగానే. ఫ్రాన్స్, ఇటలీలలో సాధారణంగా మూడు నాలుగు నెలల ముందు తెరుస్తారు. విమానం టికెట్లలాగే రోజులు దగ్గరపడే కొద్దీ ధర పెరుగుతుంది. చవక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది, తప్పిపోతే డబ్బు పోయినట్టే. ఇటలీ లోకల్ రైళ్ళకు ఎప్పుడు కొన్నా ఒకటే ధర, తొందరపడనక్కర్లేదు.

వీసా రాకముందే రద్దు కాని టికెట్లు కొనకండి. మన స్లాట్ల పరిస్థితి చూస్తే ఈ ఒక్క విషయంలో కొంచెం ఎక్కువ ధర పెట్టైనా రద్దు చేసుకునే వీలున్న టికెట్ తీసుకోవడం న్యాయం.

రైలు లేటైతే?

యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం 60 నుంచి 119 నిమిషాలు ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలు దాటితే 50 శాతం తిరిగి అడగొచ్చు. వరదలు, తుపానుల్లాంటివి కారణమైతే ఇవ్వరు. జర్మనీలో గమ్యానికి 20 నిమిషాలో అంతకన్నా ఎక్కువో ఆలస్యం అవుతుందని తెలిస్తే చవక టికెట్ మీదుండే ఆ ఒక్క రైలు నిబంధన తొలగిపోతుంది, వేరే రైలెక్కొచ్చు.

ఇదంతా ఒకే టికెట్ మీద ప్రయాణం ఉన్నప్పుడే. రెండు వేర్వేరు టికెట్లు కొని మధ్యలో ఎనిమిది నిమిషాలు పెట్టుకుంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు నష్టం మీదే. విడి టికెట్లయితే కనీసం ముప్పావుగంట ఉంచండి. పెద్దవాళ్ళుంటే గంట.

ఇటలీలో సమ్మెను షోపెరో అంటారు, తేదీలు ముందే ప్రకటిస్తారు. పనిరోజుల్లో సమ్మె ఉన్నా ఉదయం 6–9, సాయంత్రం 6–9 మధ్య లోకల్ రైళ్ళు కొన్ని తప్పనిసరిగా నడుపుతారు.

సామాను సంగతి?

రైల్లో కూలీలు దొరకరని మనసులో పెట్టుకుని సర్దండి. మనిషికో మధ్యస్థాయి సూట్‌కేసు, వీపున ఒక సంచి. ఎవరి పెట్టె వాళ్ళు మూడు మెట్లు ఎత్తగలగాలి. 28 అంగుళాల సూట్‌కేసులు నాలుగుంటే రైలు పెట్టె చివర రాక్‌లో చోటు దొరకడం కష్టం. ఫ్రాన్స్ టీజీవీలో పెద్ద సామాను మనిషికి రెండుకు మించకూడదు, ప్రతిదాని మీదా పేరు రాసిన చీటీ ఉండాలి. చవక రైలు ఊయిగోలో పెద్ద పెట్టెకు వేరే డబ్బు కట్టాలి.

కారులో సామాను సులువనుకుంటారు. గోల్ఫ్ తరహా కారు డిక్కీ 380 లీటర్లు. రెండు పెద్ద పెట్టెలు, రెండు చిన్న సంచులు పట్టేసరికి నిండిపోతుంది. నలుగురు పెద్దవాళ్ళు నాలుగు పెద్ద పెట్టెలతో వెళ్ళాలంటే వెనక డిక్కీ పొడవుగా ఉండే ఎస్టేట్ రకం తీసుకోవాలి. పెట్టెలు అద్దాల్లోంచి కనిపించేలా వదిలి ఊరు చూడటానికి వెళ్ళొద్దు, అద్దం పగలగొట్టి తీసుకుపోయే దొంగతనాలు పర్యాటక ప్రాంతాల్లో మామూలే.

మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్తున్నాం.

సాయం కావాలని 24 గంటల ముందే చెబితే పెద్ద స్టేషన్లలో చక్రాల కుర్చీ, ఎక్కించడానికి మనిషి ఉచితంగా దొరుకుతారు. ఇటలీలో దాన్ని సాలా బ్లూ అంటారు. రైల్లో లేచి తిరగొచ్చు, టాయిలెట్ ఉంటుంది, ఈ వయసులో అది పెద్ద సుఖం. రెండు సార్లకన్నా ఎక్కువ రైలు మారాల్సిన రోజైతే మాత్రం కారు గురించి ఆలోచించండి. బస స్టేషన్‌కు ఐదు నిమిషాల నడకలో ఉండేలా చూసుకుంటే సగం కష్టం తీరుతుంది.

మన డ్రైవింగ్ లైసెన్స్ చెల్లుతుందా?

మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. ఇటలీ, స్పెయిన్, ఆస్ట్రియాల్లో ఇది లేకుండా దొరికితే ఫైన్. అద్దె కౌంటర్‌లో అడక్కుండా కారు ఇచ్చేసినా, ప్రమాదం జరిగితే బీమా చిక్కుల్లో పడుతుంది. పర్మిట్ ఇచ్చేది మన ఆర్టీఏ. ఏడాది చెల్లుతుంది, కేంద్ర నిబంధనల్లో రుసుము 1000 రూపాయలు, దానిపై సేవా రుసుము కలుస్తుంది. బయల్దేరే ముందు ఇక్కడే తీసుకోవాలి. డబ్బు కడితే ఇంటికి పంపుతామనే వెబ్‌సైట్ల కార్డులు చెల్లవు.

పర్మిట్ అనువాదం లాంటిది మాత్రమే. అసలు ప్లాస్టిక్ కార్డు వెంట ఉండాలి. డిజీలాకర్ చూపిస్తే అక్కడ ఒప్పుకోరు.

జర్మనీలో నివాసం మొదలుపెట్టిన విద్యార్థులు, ఉద్యోగులు మన లైసెన్స్‌తో 6 నెలలే నడపగలరు. ఆ తర్వాత జర్మన్ లైసెన్స్ కావాలి, మనవాళ్ళకు రాత పరీక్ష, బండి పరీక్ష రెండూ తప్పవు. ఏడో నెలలో అమ్మానాన్నలను తీసుకుని పాత లైసెన్స్‌తో కారు నడిపితే అది లైసెన్స్ లేకుండా నడపడమే.

పాస్‌పోర్టులో పేరు ఒకలా, లైసెన్స్‌లో ఒకలా ఉంది.

మన ఇంటిపేర్ల వల్ల ఇది మనకు ఎక్కువ. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, లైసెన్స్‌లో ఒక్క పొడి అక్షరం, క్రెడిట్ కార్డు మీద మధ్య పేరు మాయం. కౌంటర్‌లో కూర్చున్నవాళ్ళకు ఇంటిపేరు ముందు రాస్తామని తెలియదు. కారు బుకింగ్ పాస్‌పోర్టులో ఉన్నట్టే చేయండి. లైసెన్స్‌లో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంటే ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే ఆర్టీఏలో సరిచేయించి, ఆ తర్వాత పర్మిట్‌కు దరఖాస్తు చేయండి. పర్మిట్ మీద లైసెన్స్ పేరే వస్తుంది కాబట్టి ఈ వరస మారకూడదు.

క్రెడిట్ కార్డు తప్పనిసరా?

దాదాపు అంతే. ప్రధాన డ్రైవర్ పేరు మీదే ఉన్న వీసా లేదా మాస్టర్‌కార్డ్ క్రెడిట్ కార్డు కావాలి. భార్య కార్డుతో భర్త కారు తీసుకోలేడు. డెబిట్ కార్డు, ఫారెక్స్ కార్డు చాలాచోట్ల నిరాకరిస్తారు. డిపాజిట్‌గా కొన్ని వందల యూరోల నుంచి, పెద్ద కారైతే వేలల్లో కార్డు మీద బ్లాక్ చేస్తారు. అంత పరిమితి ఖాళీగా ఉందో లేదో చూసుకోండి. బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేయండి, పిన్ గుర్తుంచుకోండి. డిపాజిట్ విడుదలకు వారం పది రోజులు పట్టొచ్చు. వెంటనే మరో కారు తీసుకోవాలంటే రెండో కార్డు ఉండాలి.

పూర్తి బీమా తీసుకోవాలా?

మామూలు బీమాలో మీరు భరించాల్సిన వాటా ఒకటి ఉంటుంది, గీత పడితే ఆ మేరకు మీ జేబులోంచే పోతుంది. కొత్త దేశంలో మొదటిసారి నడిపేవాళ్ళు ఆ వాటా సున్నా అయ్యే బీమా తీసుకుంటేనే మంచిది. అందులోనూ టైర్లు, అద్దాలు, బండి అడుగు భాగం కలిశాయో లేదో చదవండి. తాళం తీసుకోగానే నాలుగు వైపులా, చక్రాల అంచులు, ముందు అద్దం, ఇంధనం ముల్లు, మీటర్ రీడింగ్ కనిపించేలా వీడియో తీయండి. వదిలేటప్పుడు కూడా అలాగే. ఉన్న గీతలు కాగితం మీద ఎక్కించేదాకా బయల్దేరకండి.

కుడివైపు నడపడం కష్టమా?

నిండుగా బళ్ళున్న రోడ్డు మీద కష్టం కాదు, ముందున్నవాళ్ళ వెనకాలే పోతాం. ఖాళీ పెట్రోల్ బంకు నుంచి, నిర్మానుష్యమైన పల్లె సందులోంచి బయటికి తిరిగినప్పుడు చేయి పాత అలవాటు ప్రకారం ఎడమకు లాగుతుంది. ప్రమాదం అక్కడ. పక్కన కూర్చున్నవాళ్ళు ప్రతి మలుపులో "కుడి" అని పైకి అనడం మొదటి రెండు రోజులు పనికొస్తుంది. ఇండికేటర్ కాడ కూడా ఎడమవైపు ఉంటుంది. మన కార్ల అలవాటుతో తిప్పితే ఎండలో వైపర్లు ఆడతాయి. గేరు కుడిచేత్తో వేయాలి, కాబట్టి ఆటోమేటిక్ కావాలని బుకింగ్‌లోనే ఎంచుకోండి. కౌంటర్ దగ్గర అడిగితే ఉండకపోవచ్చు.

బోర్డు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకు దారి ఇవ్వాలి, చిన్న సందులోంచి వచ్చినా సరే. పసుపు వజ్రాకారం బోర్డు ఉన్న రోడ్డు మీద మీకే ముందు హక్కు. జర్మన్ ఆటోబాన్ మీద కుడివైపు నుంచి దాటకూడదు, దాటాక ఎడమ లైన్‌లో ఉండిపోకూడదు. హైవే మీద గరిష్ఠ వేగం ఇటలీ, ఫ్రాన్స్‌లలో 130, వానపడితే 110, స్విట్జర్లాండ్‌లో 120. స్విట్జర్లాండ్‌లో కొద్దిగా దాటినా ఫైన్ వస్తుంది.

జెడ్‌టీఎల్ అంటే ఏమిటి?

ఇటలీ పాత ఊళ్ళ నడిబొడ్డున, స్థానికులకు, అనుమతి ఉన్నవాళ్ళకు మాత్రమే ప్రవేశం ఉన్న ప్రాంతం. ఎర్ర అంచు ఉన్న తెల్లని గుండ్రటి బోర్డు, పైన కెమెరా. అడ్డుకర్ర ఏమీ ఉండదు, ఎవరూ ఆపరు. పక్కన వెలిగే అక్షరాలు చూడండి. "వార్కో ఆత్తీవో" అంటే కెమెరా పనిచేస్తోంది, వెళ్ళొద్దని. "వార్కో నాన్ ఆత్తీవో" అంటే వెళ్ళొచ్చని. యాక్టివ్ అంటే తెరిచి ఉందని అర్థం చేసుకుని లోపలికి పోయేవాళ్ళు చాలామంది.

ఒక్కో గేటు దాటినందుకు ఒక్కో ఫైన్. దారి తప్పి మూడు సార్లు తిరిగితే మూడు. విదేశాల్లో ఉండేవాళ్ళకు నోటీసు పంపడానికి ఇటలీ చట్టం 360 రోజుల గడువు ఇస్తుంది, అందుకే ఇంటికొచ్చిన నెలల తర్వాత ఉత్తరం వస్తుంది. ఈలోపు అద్దె కంపెనీ మీ వివరాలు ఇచ్చినందుకు కార్డు మీద విడిగా రుసుము తీసుకుంటుంది. అది ఫైన్ కాదు, ఫైన్ వేరే వస్తుంది. నోటీసు అందిన 5 రోజుల్లో కడితే 30 శాతం తగ్గుతుంది.

హోటల్ జెడ్‌టీఎల్ లోపలే ఉంటే బండి నంబరు వాళ్ళకు ముందే పంపి, నమోదు చేశామని రాతలో జవాబు తీసుకోండి. మ్యాప్ చూపిందని వెళ్ళకండి, మ్యాప్ అన్నిసార్లూ హెచ్చరించదు.

టోల్ ఎలా కట్టాలి?

జర్మనీలో కార్లకు టోల్ లేదు. ఫ్రాన్స్, ఇటలీలలో దూరాన్ని బట్టి. ఎక్కేటప్పుడు చీటీ తీసుకుని, దిగేటప్పుడు కట్టాలి. ఇటలీలో పసుపు గుర్తున్న టెలీపాస్ లైన్‌లోకి పోవద్దు. చీటీ పోతే అన్నిటికన్నా దూరపు గేటు నుంచి లెక్కగడతారు. పారిస్ నుంచి నార్మండీ వెళ్ళే ఏ13, ఏ14 రోడ్ల మీద గేట్లు తీసేశారు. కెమెరా నంబరు చదువుతుంది, 72 గంటల్లో ఆన్‌లైన్‌లో మీరే కట్టాలి.

స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, స్లొవేనియాల్లో విన్యెట్, అంటే హైవే వాడుకోవడానికి ముందే కొనే అనుమతి, తీసుకోవాలి. స్విట్జర్లాండ్‌లో ఏడాదిది ఒక్కటే, 40 ఫ్రాంకులు, ఒక్క రోజు వెళ్ళినా అంతే. లేకుండా దొరికితే 200 ఫ్రాంకుల ఫైన్, విన్యెట్ ధర అదనం. ఆస్ట్రియాలో ఒక రోజు, పది రోజులవి ఉన్నాయి. మ్యూనిక్‌లో అద్దెకు తీసుకున్న కారుకు ఆస్ట్రియా విన్యెట్ సాధారణంగా ఉండదు, సరిహద్దుకు ముందు బంకులో కొనండి. ఇన్స్‌బ్రుక్ నుంచి ఇటలీ వైపు బ్రెన్నర్ రోడ్డుకు విన్యెట్ కాకుండా వేరే టోల్ ఉంది.

బంకులో పొరపాటు పడకుండా?

డీజిల్‌ను ఇటలీలో గజోలియో, ఫ్రాన్స్‌లో గాజోల్, స్పెయిన్‌లో గసోలియో అంటారు. వినడానికి గ్యాసొలిన్‌లా ఉంటుంది, పెట్రోల్ కారులో పోసేస్తారు. పేరు వదిలేసి గుర్తు చూడండి. గుండ్రటి గుర్తులో ఈ5, ఈ10 అని ఉంటే పెట్రోల్. చదరపు గుర్తులో బి7 అని ఉంటే డీజిల్. ఇంధనం మూత లోపలా అదే గుర్తు ఉంటుంది, రెండూ కలిస్తేనే పోయండి. తప్పు పోస్తే ఇంజన్ స్టార్ట్ చేయకుండా కంపెనీకి ఫోన్ చేయండి. దీన్ని చాలా బీమాలు భరించవు.

ఇటలీలో సెల్ఫ్ అన్న చోట మీరే పోసుకుంటే ధర తక్కువ, సెర్వీటో అన్న చోట మనిషి పోస్తాడు, ధర ఎక్కువ. మనుషుల్లేని పంపుల్లో కార్డు మీద ముందు వంద యూరోలకు పైగా బ్లాక్ చేసి, తర్వాత వాడినంతే తీసుకుంటారు.

పార్కింగ్ గీతల రంగులకు అర్థమేమిటి?

ఇటలీలో తెల్ల గీతలు ఉచితం, నీలం డబ్బు కట్టాలి, పసుపు ఇతరులకు కేటాయించినవి. జర్మనీలో కొన్నిచోట్ల నీలం రంగు పార్కింగ్ డిస్క్ అద్దం దగ్గర పెట్టాలి. వచ్చిన సమయం తర్వాతి అరగంటకు ముల్లు తిప్పాలి, 10:05కు వస్తే 10:30. భూగర్భ గ్యారేజీల్లో కారు దగ్గరికి వెళ్ళే ముందే మిషన్‌లో డబ్బు కట్టాలి, బయటి గేటు దగ్గర కాదు.

ఒక దేశంలో తీసుకుని ఇంకో దేశంలో వదలొచ్చా?

వదలొచ్చు, కానీ రుసుము వందల యూరోల్లో ఉంటుంది. సరిహద్దు దాటుతున్నామని బుకింగ్‌లోనే చెప్పాలి. జర్మనీలో తీసుకున్న ఖరీదైన బ్రాండ్ల కార్లను తూర్పు యూరప్ దేశాలకు చాలా కంపెనీలు పోనివ్వవు. చెప్పకుండా దాటితే బీమా పోతుంది. అందుకే సరిహద్దులు రైల్లో దాటి, ప్రతి దేశంలో కావాల్సినన్ని రోజులే కారు తీసుకోవడం మంచిది.

చిన్న పిల్లలు, చలికాలం?

జర్మనీలో 12 ఏళ్ళ లోపు, 150 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఎత్తున్న పిల్లలకు సీటు తప్పనిసరి. ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం ఎక్కడా కుదరదు. సీటు ముందే బుక్ చేయండి.

ఆస్ట్రియాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు రోడ్ల మీద మంచు ఉంటే చలికాలపు టైర్లు ఉండాలి. అద్దె ధరలో కలిశాయో అడగండి. స్విట్జర్లాండ్‌లో ఫుర్కా, గ్రిమ్సెల్ కనుమలు చలికాలమంతా మూసే ఉంటాయి. మంచు రోడ్డు మీద ఎప్పుడూ నడపనివాళ్ళు డిసెంబరు, జనవరుల్లో కారు ఆలోచన మానుకోవడమే క్షేమం, అక్కడి రైళ్ళు మంచులోనూ నడుస్తాయి.

లండన్ కూడా కలుపుకోవాలి. పారిస్ నుంచి కారులో వెళ్ళొచ్చా?

వద్దు. అక్కడ నడిపేది ఎడమవైపు, పారిస్‌లో తీసుకున్న కారుకు స్టీరింగ్ తప్పు వైపు ఉంటుంది, పైగా చాలా అద్దె కార్లను సముద్రం దాటనివ్వరు. యూరోస్టార్‌లో సుమారు 2 గంటల 20 నిమిషాలు. పాస్‌పోర్టు తనిఖీ ఎక్కే స్టేషన్‌లోనే జరుగుతుంది, కాబట్టి రైలు బయల్దేరే సమయానికి గంటంబావు ముందే చేరండి. షెంగెన్ వీసా బ్రిటన్‌లో పనికిరాదు, వేరే వీసా కావాలి. లండన్ వెళ్ళి మళ్ళీ పారిస్ రావాలంటే షెంగెన్ వీసా మీద మల్టిపుల్ ఎంట్రీ ఉందో లేదో టికెట్ కొనే ముందే చూసుకోండి.